పిక్కబలం

గుండె కొట్టిన రక్తం కాలి బొటనవేలి దాకా దిగడం పెద్ద విషయం కాదు. తిరిగి పైకి రావడంలోనే ఉంది తిప్పలంతా. నిలబడ్డ మనిషికి పాదం నుంచి గుండెకు సుమారు నాలుగడుగుల ఎత్తు. పైగా సిరల గోడలు పలచన, బరువు పడితే సాగుతాయి. కదలకుండా నిలబడితే దాదాపు అర లీటరు రక్తం కిందికి చేరుతుంది. పరేడ్‌లో కట్టెలా నిలబడ్డ కుర్రాళ్లు ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయేది చాలాసార్లు ఇందుకే.

ఆ రక్తాన్ని పైకి తోసేది ముఖ్యంగా పిక్క. పైకి కనిపించే రెండు పాయల కండరం గ్యాస్ట్రోక్నీమియస్. పరిగెత్తడానికి, ఎగరడానికి అదే ముందుంటుంది. నాకైతే దాని కింద దాక్కున్న సోలియస్ మీదే గౌరవం ఎక్కువ. బల్లపరుపుగా ఉండి, ఎంతసేపు పనిచేసినా తొందరగా అలసిపోదు. దాని లోపల రక్తం నిలిచే వెడల్పాటి సిరలూ ఉంటాయి. రెండూ కలిసి అకిలిస్ టెండన్ అనే గట్టి పట్టీగా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. అడుగు వేసి మడమ లేపినప్పుడల్లా ఈ కండరాలు బిగుసుకుని లోపలి సిరలను పిండుతాయి. ఊరికే నిలబడ్డప్పుడు పాదం సిరలో ఒత్తిడి (బీపీ కొలిచే లెక్కలోనే) సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, కాసేపు నడిచేసరికి 30 దగ్గరికి దిగుతుంది.

పిండితే రక్తం కిందికీ పోవచ్చు కదా? పోనివ్వకుండా సిరల్లో కవాటాలున్నాయి. బావి మోటారు పైపుకు ఫుట్‌వాల్వ్ చేసే పనే ఇదీ. ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త వీటిని వర్ణిస్తూ 1603లో పుస్తకం వేశాడు గానీ, రక్తం కాళ్లలో పేరుకోకుండా దాని వేగం తగ్గించడానికే ఇవి ఉన్నాయనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరలో రక్తాన్ని వేలితో వెనక్కి నెట్టి చూశాడు. అది కవాటం దాటలేదు. రక్తం ఒకే దిక్కున తిరుగుతుందని 1628లో ఆయన ప్రకటించిన సిద్ధాంతానికి ఇదొక గట్టి ఆధారం.

కవాటం సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి, చర్మం కిందున్న సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. అవే వేరికోస్ వెయిన్స్. వంశపారంపర్యం, వయసు, గర్భం, గంటల తరబడి నిలబడే ఉద్యోగం, వీటన్నిటికీ ఇందులో వాటా ఉంది. బట్టల షాపులో రోజంతా నిలబడేవాళ్లు బేరాల మధ్య పదిసార్లు మడమలు లేపి దించినా పిక్కకు పని దొరుకుతుంది. కూర్చునే ఉద్యోగాలూ, రాత్రంతా బస్సు ప్రయాణాలూ తక్కువేం కాదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది.

చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా సాగే సిర ఒంట్లోకెల్లా పొడవైనది. రక్తంలో ఎక్కువ భాగం లోతు సిరల్లోనే పోతుంది కాబట్టి, ఇది తీసేసినా కాలికి సాధారణంగా ఇబ్బంది రాదు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో అర్జెంటీనా సర్జన్ రెనె ఫావలోరో గుండె బైపాస్‌కు ఈ సిరనే వాడాడు. ఇప్పటికీ వాడుతున్నారు. మామూలుగా దాన్ని తలకిందులుగా తిప్పి కుడతారు. లేకపోతే కవాటాలు గుండెకు వెళ్లే రక్తాన్నే ఆపేస్తాయి.