షుగర్ పాదాలకు ఇన్‌సోల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇన్‌సోల్ (బూటు లోపల అరికాలి కింద వేసే అట్ట) ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

కాదు. పుండు పడేది అడుగడుగునా బరువంతా ఒకేచోట పడటం వల్ల. ఎక్కువగా బొటనవేలి కిందో, వేళ్ల మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముకల కిందో పడుతుంది. కొట్లో దొరికే జెల్ అట్ట వేలితో నొక్కితే హాయిగా దిగుతుంది. మనిషి బరువు పడితే పూర్తిగా అణిగిపోయి, ఎముక కింద మళ్లీ గట్టి నేలే మిగులుతుంది. కొలత తీసి చేసే ఇన్‌సోల్ పని ఆ బరువును అరికాలంతా పంచడం. అందుకే పొరలుగా చేస్తాం: పైన పాదం ఆకారానికి ఒదిగే ప్లాస్టజోట్ అనే మెత్తటి ఫోమ్, కింద ఆ ఆకారాన్ని నిలబెట్టే ఈవీఏ అనే గట్టి ఫోమ్. ముందుభాగంలో ఉబ్బెత్తుగా అతికించే చిన్న దిండు, అంటే మెటాటార్సల్ ప్యాడ్, వేళ్ల మొదట్లోని ఆ ఎముకల కిందకు రాకూడదు, 5 నుంచి 10 మిల్లీమీటర్లు వెనక, మడమ వైపు ఉండాలి. సరిగ్గా ఎముక కిందే అతికిస్తే తగ్గాల్సిన ఒత్తిడి పెరుగుతుంది. షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయిన మనిషికి ఆ సంగతి తెలియదు, చర్మం ఎర్రబడితేనే మనకు తెలుస్తుంది. కాబట్టి మొదటిరోజు గంటసేపే వేసుకుని, విప్పి, అద్దంలో అరికాలు చూసుకోండి. అరగంటైనా ఎరుపు తగ్గకపోతే ఆ జత మళ్లీ తొడగొద్దు, చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: నొప్పి లేదు కదా, నాకెందుకు?

నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం. 10 గ్రాముల నైలాన్ పోగును అది వంగేదాకా అరికాలికి ఆనిస్తాం. తగిలినట్టు తెలియకపోతే రక్షణనిచ్చే స్పర్శ పోయినట్టే. ఆనెకాయ కూడా ఒత్తిడికి గుర్తే. దాన్ని ఇంట్లో బ్లేడుతో కోయకండి.

అపోహ: పాత బూటులోనే వేసుకోవచ్చు.

ఇన్‌సోల్ మందం బూటులో చోటు తినేస్తుంది, వేళ్లు పైతోలుకు రాసుకుంటాయి. అరికాలు కాపాడబోయి వేళ్ల మీద పుండు తెచ్చుకున్నట్టవుతుంది. లోతెక్కువున్న బూటు తీసుకుని, అందులోని పాత అట్ట పీకేసి ఇది పెట్టాలి. కొలత సాయంత్రం, పాదాలు ఉబ్బి ఉన్నప్పుడు తీసుకోండి. అన్నిటికంటే పొడుగు వేలు ముందు 1 నుంచి 2 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కొందరికి ఆ పొడుగు వేలు బొటనవేలు కాదు, రెండోది. బూటు వద్దంటే వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు. వేళ్ల మధ్య పట్టీ ఉన్నవి మాత్రం వద్దు.

అపోహ: బయటికెళ్లినప్పుడు వేసుకుంటే చాలు.

మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే ఉంటాయి, రోజులో ఎక్కువ అడుగులు పడేది గుమ్మం లోపల. ఇంట్లోకని వేరే జత పెట్టుకోండి. ఎండాకాలం గుడి బండల మీద స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. అలిపిరి మెట్లు ఒట్టికాళ్లతో ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

అపోహ: పుండు కూడా ఇన్‌సోల్‌తో మానుతుంది.

మానిన పుండు తిరగబడకుండా ఉండటానికి ఇన్‌సోల్. అరికాలి పుండు మానాలంటే, సాధారణంగా మోకాలి కిందిదాకా వేసే, విప్పలేని కట్టు కావాలి. గాయమేమీ లేకుండానే ఒక పాదం వేడిగా, ఎర్రగా వాస్తే కొలతలకు రావద్దు. నడక ఆపి అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: ఒకసారి చేయిస్తే ఏళ్లు వస్తుంది.

ప్లాస్టజోట్ నెలల్లోనే అణిగిపోతుంది. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా అర్హులకు ఏడాదికి ఒక జత లోతు బూట్లతో మూడు జతల ఇన్‌సోళ్ల దాకా ఇచ్చేది అందుకే. తీసుకున్న తేదీ అట్ట అడుగున పెన్నుతో రాయండి. నెలకోసారి ముందుభాగంలో పడ్డ గుంటను రెండు వేళ్ల మధ్య పట్టి చూడండి. మడమ దగ్గరికంటే బాగా పలచబడితే మార్చాలి.