సంతకం లేని వాంగ్మూలం

ఉగ్రవాద కేసు వీగిపోయిన ప్రతిసారీ తప్పు సాక్షుల మీదికి నెట్టడం పరిపాటి అయింది. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు కేసులో ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ప్రత్యేక కోర్టు ఐదుగురు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినప్పుడూ అదే జరిగింది. విచారించిన 226 మందిలో 60 మందికి పైగా సాక్షులు ముందు చెప్పినదానికి అడ్డం తిరిగారు. ఆ సంఖ్య వెనుక ఏముందో తెలియాలంటే 2007 నాటి దర్యాప్తు తీరు చూడాలి.

మే 18 పేలుడు, ఆ వెంటనే పోలీసు కాల్పులు అందరికీ తెలిసినవే. ఆ తరువాతి నెలల్లో జరిగిందే అసలు మలుపు. సాక్షిని రాతపూర్వకంగా పిలవాలని, మహిళలను, చిన్నపిల్లలను, వృద్ధులను ఇంటి దగ్గరే ప్రశ్నించాలని చట్టం చెబుతోంది. పాతబస్తీలో మాత్రం సాక్షికీ అనుమానితుడికీ మధ్య గీత చెరిగిపోయింది. పెద్ద సంఖ్యలో యువకులను పట్టుకెళ్లారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ ఇచ్చిన నివేదికలో అక్రమ నిర్బంధం, దెబ్బలు, కరెంటు షాకుల ప్రస్తావన ఉంది. తరువాత కేసు సీబీఐకి, 2011లో ఎన్‌ఐఏకి వెళ్లింది, దర్యాప్తు మొదట పట్టుకెళ్లిన యువకుల నుంచి వేరే నిందితుల వైపు మళ్లింది. మొదట పట్టుబడి నిర్దోషులుగా తేలిన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని సైతం 2013లో హైకోర్టు కొట్టివేసింది. పోలీసు జీపు ఆగితే తలుపులు వేసుకునే వీధిలో సాక్షి ఎలా దొరుకుతాడు?

అడ్డం తిరిగినవారిలో సైనికాధికారి కూడా ఉన్నారు. అందరి కారణం ఒకటే అనలేం. కానీ పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం (అప్పటి సీఆర్‌పీసీ, అంటే నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 161వ సెక్షన్) ఎలా తయారవుతుందో చూడండి. సాక్షి చెబుతాడు, అధికారి తన మాటల్లో రాస్తాడు. సాక్షి చేత సంతకం చేయించకూడదు. ఏళ్ల తరువాత బోనులో నిలబడి "నేనలా చెప్పలేదు" అంటే, ఎవరి మాట నిజమో తేల్చే ఆధారమే ఉండదు.

వాంగ్మూలాన్ని వీడియో తీయమంటే, పేలుడు జరిగాక ప్రతి గంటా విలువైనదే, కెమెరా పెడితే సాక్షి నోరు విప్పడు అన్నది పోలీసుల వాదన. 157 మంది సాక్షులతో నడిచిన దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో 2016లో పడిన మరణశిక్షలను 2025లో హైకోర్టు ఖరారు చేయడాన్ని వారు చూపగలరు. అయితే సాక్షి పేరు, చిరునామా దాచే అధికారం ఎన్‌ఐఏ చట్టంలోని 17వ సెక్షన్ కోర్టుకు ఎప్పుడో ఇచ్చింది. వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో నమోదు చేసే వీలు 2009 చివర అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్ని "చేయవచ్చు" దగ్గరే ఆపి, అధికారి ఇష్టానికి వదిలేసింది.