బెజవాడ మీద కారెక్కే పార్టీలు చెప్పే మాటలు, కారు తిప్పేవాడు చూసే సంగతులు

నేను బెజవాడలో ట్రావెల్స్ కారు నడుపుతాను. స్టేషన్ దగ్గరో గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గరో ఎక్కిన పార్టీ, అంటే కారు మాట్లాడుకున్నవాళ్లు, ఊళ్లోకి వచ్చేలోపే ఊరి మీద తీర్పు చెప్పేస్తారు. ఎండ, ట్రాఫిక్, గుడి, కారం, అంతే. ఆ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం వాళ్లు వచ్చిన వేళ. ఇక్కడ చూడటానికైనా, కొనడానికైనా, తినడానికైనా దేని టైము దానికుంది.

అపోహ: దుర్గమ్మ గుడి తప్ప బెజవాడలో చూసేదేం లేదు.

ఈ మాట అనేవాళ్లు ఎక్కువగా ఆదివారం వచ్చి, క్యూలో నాలుగు గంటలు నిలబడి, మిట్టమధ్యాహ్నం కొండ దిగినవాళ్లు. అప్పటికి ఓపికంతా అయిపోతుంది, ఇంకేం చూపించినా కంటికి ఆనదు. అమ్మవారి దర్శనానికి శుక్రవారం, ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. దసరాల్లో, అందులోనూ మూలా నక్షత్రం నాడు, జనం తాకిడి ఎలాగూ తప్పదు. ఆషాఢంలో సారె తెచ్చేవాళ్లు, చలికాలంలో మాల విరమణకు వచ్చే భవానీలు, అంటే అమ్మవారి దీక్ష పట్టిన భక్తులు, ఉంటారన్నది మాత్రం బయటి ఊళ్లవాళ్లకు తట్టదు. మధ్యాహ్నం మహానివేదన వేళ దర్శనం కాసేపు ఆపుతారు. సరిగ్గా అప్పుడు క్యూలో ఇరుక్కుని దేవస్థానం వాళ్లను తిట్టుకుంటే లాభం లేదు.

గుడి తర్వాత నేను తీసుకెళ్లేది ఉండవల్లి గుహలకు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దాటితే అట్టే దూరం లేదు. ఒకే కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచారు. పైన ఒక అంతస్తులో అనంతపద్మనాభస్వామి ఒకే రాతిలో పడుకుని ఉంటాడు. ఆ గుహలోకి అడుగుపెట్టగానే వెనక సీట్లో అంతసేపూ ఫోన్ చూసుకున్న పిల్లలు కూడా నోరెళ్లబెడతారు. పొద్దున్నే వెళ్లాలి. పదింటికల్లా మెట్లు కాలుతుంటాయి. ఇంకో మాట. బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. టూరిస్టు బస్సులో వచ్చే బృందాలు కనకదుర్గ వారధి అనే ఇంకో వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఆ టైము కూడా లెక్కలో వేసుకోండి.

మొగల్రాజపురం గుహలు? దారిలో ఉంటే ఆగండి. ఉండవల్లి చూశాక అవి ఆనవు, అందుకే పార్టీలకు నేనుగా చెప్పను. ఇంద్రకీలాద్రి కింద ఉన్న అక్కన్న మాదన్న గుహలకు మాత్రం ఓ పావుగంట ఇవ్వండి. ఎండ ముదిరాక బందరు రోడ్డులోని బాపు మ్యూజియం నయం. పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి అందించింది 1921లో ఈ ఊళ్లోనే అని అక్కడ నిలబడి చెబితే, ఊరివాళ్లే కొందరు నిజమా అంటారు.

అపోహ: కృష్ణలో ఎప్పుడూ నీళ్లుంటాయి, భవానీ ద్వీపానికి ఎప్పుడైనా వెళ్లొచ్చు.

మీరు ఫొటోల్లో చూసేది బ్యారేజీ ఆపిన నీళ్లు. పాత ఆనకట్ట 1952లో తెగిపోయాక కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1.2 కిలోమీటర్లకు పైనే. గేట్లు దించి ఉంటే ఎగువన నీళ్లు నిండుగా కనిపిస్తాయి. అదే వేసవిలో దిగువకు చూడండి, చాలా మేర ఇసుకే. ఫొటో కావాలంటే సాయంత్రం ఎగువ వైపే తీసుకోవాలి.

ద్వీపం సంగతి వేరు. ఎగువ నుంచి వరద వస్తే బోట్లు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతటి వరద ఏటా రాదనుకోండి. అయినా జూలై నుంచి అక్టోబరు దాకా భవానీ ద్వీపాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. ఆ రోజు పొద్దున బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని బయల్దేరండి.

అపోహ: వన్‌టౌన్‌కి వెళితే హోల్‌సేల్ ధరకు చీరలు వస్తాయి.

మీరు వ్యాపారస్తులైతే వస్తాయి. అక్కడి వస్త్రలత బట్టల మార్కెట్లో చాలా షాపుల ధరలు తిరిగి అమ్ముకునేవాళ్ల కోసం. సెట్టుగా తీసుకుంటేనే ఆ ధర. ఒక్క చీర కోసం వెళ్లి, పదిసార్లు విప్పించి, ఏదీ కొనకుండా లేస్తే వాళ్ల మొహాలు మాడ్చుకోవడంలో తప్పేముంది? పెళ్లి పెట్టుబడి బట్టలు, అంటే ఒకే రకం ఇరవై జాకెట్టు ముక్కలో పాతిక పంచెలో కావాలంటే మాత్రం నేరుగా అక్కడికే తీసుకెళతా. రోడ్లు ఇరుకు, సరుకు దించే వాహనాలు ఎదురొస్తాయి. కారు దూరంగా ఆపి నడవాల్సిందే, దానికి నన్ను తిట్టకండి.

విడిగా కొనేవాళ్లకు బీసెంట్ రోడ్డు. సాయంత్రం దాటాక కాలు పెట్టే సందుండదు. బేరం ఆడతారా, తోపుడు బండ్ల దగ్గర ఆడండి, బోర్డు ఉన్న షాపులో మాటలు దండగ.

మంగళగిరి చీర కావాలంటే బెజవాడ షోరూంలో వెతకడం ఎందుకు? మంగళగిరి పక్కనే ఉంది. పానకాల స్వామిని చూసి కిందికొస్తే చేనేత షాపులే. అసలు మంగళగిరి నేత అంటే సాదా నూలు ఒళ్లు, జరీ అంచు. ఒంటి నిండా రంగురంగుల డిజైన్ చూపించి ఇదే మంగళగిరి అంటే, ప్రింటు వేశారా, ఎక్కడ నేశారు అని అడగండి.

అపోహ: కొండపల్లి బొమ్మలు ఎక్కడ కొన్నా ఒకటే.

రోడ్డు పక్కన అమ్మే బొమ్మలన్నీ కొండపల్లివి కావు. అసలుది తెల్లపొణికి కర్రతో చేస్తారు. తేలిక కర్ర, చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నం పూత మీద రంగులేస్తారు. అంబారీ ఏనుగు బరువుగా ఉండి, అతుకే లేకుండా అచ్చులో పోసినట్టుంటే అది పోతపోసిందే. టైముంటే కొండపల్లికే వెళ్లండి, బెజవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. బొమ్మల కాలనీలో వీధి అరుగుల మీదే పని జరుగుతుంది. పొద్దున ఖిల్లా ఎక్కి, దిగొచ్చాక బొమ్మలు కొనండి. ముందే కొంటే ఆ పెట్టె మోస్తూ కొండెక్కాలి, లేదా నా డిక్కీలో నలగాలి.

అపోహ: ఇక్కడి తిండంతా కారమే.

మన భోజనంలో కారం ఎంత ఉండాలో మీ చేతిలోనే ఉంది. పప్పు, చారు, పెరుగు కారంగా ఉండవు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి పక్కన పెడతారు, కలుపుకునేది మీరే. ఉలవచారు వేస్తే మీగడ అడగండి, మొహమాటం వద్దు. ఉలవచారు బిర్యానీని బెజవాడ సంప్రదాయ వంటకం అని చెబితే నమ్మకండి, అది హోటళ్లవాళ్లు కలిపిన జంట. బాగానే ఉంటుంది, అది వేరే సంగతి.

తిండికీ వేళలున్నాయి. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ పొద్దున తినాలి. భోజనానికి ఒంటిగంట లోపు కూర్చోండి, రెండు దాటితే కూరలు అడుగంటుతాయి. పునుగులు సాయంత్రం బండి దగ్గర, మూకుడులోంచి తీసినవి అప్పటికప్పుడు, అల్లం చట్నీతో. ఏసీ హోటల్లో ప్లేటులో పెట్టి తెచ్చేసరికి అవి మెత్తబడిపోతాయి. మేలో వస్తే ఎండను తిట్టుకుంటూనే నూజివీడు రసాలు తినండి.

అపోహ: గుంటూరు మిర్చి యార్డు చూసి, నాలుగు కిలోల కారం కొనుక్కొద్దాం.

యార్డు చిల్లర కొట్టు కాదు, టిక్కీల లెక్కన, అంటే బస్తాల లెక్కన, లావాదేవీలు జరుగుతాయి. చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మే మధ్య నుంచి సాధారణంగా నెల రోజులు సెలవులిస్తారు, అప్పుడు వెళితే ఖాళీ షెడ్లు కనిపిస్తాయి. కారం ఊళ్లో మిల్లు దగ్గర ఆడించుకోండి. ఎండుమిరపకాయలు కొని, తొడిమలు తీయించి, మీ కళ్లెదుటే ఆడించాలి. తొడిమలతో ఆడిస్తే రంగు తగ్గుతుంది, తూకం మాత్రం పెరుగుతుంది. పసిపిల్లలుంటే మిల్లు లోపలికి తీసుకురాకండి, కారులో ఏసీ వేసి ఉంచుతా.