జెండా పాట ఒకటి, తక్‌పట్టీ మరొకటి: ఏనుమాముల పత్తి ధర వెనుక కథ

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో వచ్చిన సరుకులో మేలైన లాటుకు జెండా పాటలో, అంటే ఆ రోజు మొదట సాగే బహిరంగ వేలంలో, పలికిన ధరే మరునాడు పత్రికల్లో ఏనుమాముల పత్తి ధరగా అచ్చవుతుంది. ఆ అంకె అబద్ధమేమీ కాదు. అయితే దాన్ని నమ్మి ట్రాలీ కట్టుకొని వచ్చిన రైతుకు తేమ పేరిట, రంగు పేరిట కోత పోగా చేతికందే తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, వేరే అంకె ఉంటుంది.

నిజాం ఏలుబడిలో వచ్చిన మార్కెట్ల చట్టమూ, దాని తర్వాత 1966లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల, పశుగణ మార్కెట్ల చట్టమూ లైసెన్సులను, కాంటాను, వేలాన్ని మార్కెట్ కమిటీ అజమాయిషీ కిందికి తెచ్చాయి. తూకం వివాదాలకు దానితో ఒక దారి దొరికింది. నాణ్యత తేల్చడం మాత్రం ఆచరణలో కొనేవారి చేతిలోనే ఉండిపోయింది: ఖరీదుదారు (కొనే వ్యాపారి) బోరెంలోంచి, అంటే గోనె బస్తాలోంచి, పిడికెడు పత్తి లాగి, నొక్కి చూసి తేమ ఇంత అనీ, రెండు చేతుల వేళ్ల మధ్య పింజను సాగదీసి చూసి దాని పొడవు ఇంత అనీ చెబుతాడు. రైతు పక్షాన మాట్లాడవలసిన అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) ఆ రైతుకే అప్పిచ్చినవాడు, రేపు మళ్లీ అదే ఖరీదుదారుకు సరుకు చూపవలసినవాడు; అతడు గట్టిగా అడ్డుపడతాడని అనుకోలేము.

1970లో ఏర్పడిన ప్రభుత్వ రంగ భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లలో లెక్క స్పష్టంగానే ఉంది. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే తిరస్కరణ. కానీ మంచు కురిసిన తెల్లవారుజామున కుప్ప పైభాగంలో గుచ్చిన మీటరు ఒకటి చూపుతుంది, ఎండెక్కాక లోపల గుచ్చితే మరొకటి చూపుతుంది. ఎక్కడ, ఎప్పుడు గుచ్చాలో నిర్ణయించేది కొనేవారే.

2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్ ఈ చిక్కునే విప్పాలని చూసింది. ముందుగా నాణ్యత పరీక్ష, ఆ ఫలితాన్ని చూసి ఆన్‌లైన్ బిడ్ అన్నది దాని పద్ధతి. వేల బస్తాలు ఒకే పూట దిగే యార్డులో ప్రతి లాటునూ పరీక్షించడం అంత తేలిక కాదు. పరీక్ష జరగని చోట తెర మీది బిడ్ కూడా ఆ పిడికెడు పత్తి మీదనే ఆధారపడుతుంది.

భారత పత్తికి 2020లో ప్రకటించిన కస్తూరి కాటన్ బ్రాండు కింద, పత్తి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేలా బేలుకు (దూది కట్టకు) క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. కానీ అది గింజ తీసే జిన్నింగ్ మిల్లు దగ్గర మొదలవుతుంది. అప్పటికే పలు ఊళ్ల పత్తి మిల్లు ఆవరణలో ఒకే కుప్పగా కలిసిపోయి ఉంటుంది.