అభియోగ పత్రంలో ఒక్క మాట తగ్గితే

అమెరికాలో దాడి కేసు అభియోగ పత్రం చాలాసార్లు ఒకటి రెండు పేరాలే ఉంటుంది. అందులో ఒక్క మాట లేదని, శిక్ష పడ్డాక కూడా అప్పీళ్లు నడుస్తాయి. ఈ పట్టింపు ఇంగ్లండ్ నుంచి వచ్చింది.

అక్కడ 1733 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, అభియోగాలు లాటిన్‌లోనే రాసేవారు. ముద్దాయికి అర్థమవుతుందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. హత్య కేసైతే గాయం పొడవు, లోతు, చివరికి కత్తి ఖరీదు కూడా రాయాలి. ప్రాణం తీసిన వస్తువు రాజుకు జప్తు అయ్యేది కాబట్టి ఆ ఖరీదు. వివరం తప్పితే అభియోగం చెల్లేది కాదు. ఈ చాదస్తంతో నేరస్తులు తప్పించుకుపోతున్నారనీ, ఇది చట్టానికే మచ్చ అనీ 17వ శతాబ్దంలో ప్రధాన న్యాయమూర్తి మాథ్యూ హేల్ వాపోయాడు. నాకు మాత్రం ఇందులో కాస్త జాలి కూడా కనిపిస్తుంది. దొంగతనాలకే ఉరి వేసే రోజుల్లో మనిషిని బతికించడానికి జడ్జి చేతిలో ఉన్న సాకుల్లో అక్షర దోషం ఒకటి.

అమెరికా 1791లో ఆరో రాజ్యాంగ సవరణతో దీన్ని హక్కుగా మార్చింది: తన మీద ఉన్న ఆరోపణ ఏమిటో, ఎందుకో ముద్దాయికి తెలియాలి. అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం గ్రాండ్ జ్యూరీ. అది తప్పనిసరి అన్న రాజ్యాంగ నిబంధన రాష్ట్రాలకు వర్తించదని 1884లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో రాష్ట్రాల్లో ప్రాసిక్యూటర్ నేరుగా సంతకం చేసే పత్రానికీ దారి తెరిచే ఉంది. ఫెడరల్ కోర్టుల్లో 1946 నుంచి సూటిగా, క్లుప్తంగా, స్పష్టంగా రాస్తే చాలు.

ఈలోగా నేరాల జాబితా కూడా మారింది. దాడి పాత నేరమే. కానీ ఎవరినీ గురిపెట్టకుండా జనం మధ్య తుపాకీ పేల్చి, ఎవరికీ తగలకపోతే? దాడి అనడానికి కొట్టాలన్న, భయపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఖాళీని పూరించడానికి రాష్ట్రాలు తమ చట్టాలకు నమూనాగా వాడుకునేందుకు న్యాయ నిపుణులు రాసిన 1962 నాటి మోడల్ పీనల్ కోడ్ మరో నేరాన్ని చేర్చింది. ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచేయకుండా ఇతరుల ప్రాణాల మీదికి తేవడమే ఆ నేరం. గాయం అవసరం లేదు.

అసలు చిక్కు ఇక్కడే. ‘దాడి చేశాడు’ అన్న మాటలోనే ఉద్దేశం ఇమిడి ఉంటుందని, దాన్ని వేరుగా రాయకపోయినా అభియోగం నిలుస్తుందని 1992లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు హాపర్ కేసులో చెప్పింది. ‘ప్రమాదంలో పడేశాడు’ అన్న మాటకు నా దృష్టిలో ఆ బలం లేదు. పొరపాటునా పడేయొచ్చు, తెలిసీ పడేయొచ్చు. కాబట్టి లెక్కలేనితనం సంగతి పత్రంలో కనిపించాలి.

అభ్యంతరం ఎప్పుడు చెప్పారన్నదీ ముఖ్యమే. అదే కోర్టు 1991లో, తొలిసారి అప్పీల్లో లేవనెత్తితే పత్రాన్ని అది నిలిచేలా ఉదారంగానే చదువుతామంది. లాయర్లు లోపాన్ని ముందే చూసి, తీర్పు దాకా దాచుకోకూడదన్నది దాని ఉద్దేశం. ముందే చెబితే ప్రాసిక్యూటర్ సవరించుకుంటాడు. ఆలస్యంగా చెప్పి గెలిచినా కేసు కొట్టేస్తారు గానీ, సరిచేసిన పత్రంతో మళ్లీ వేసుకోవచ్చు.