సహకార థ్రెడ్లు, వాల్‌గ్రిండ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ విద్యార్థులు తాము రాసిన థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పనివరుస) లైబ్రరీలను నాకు చూపిస్తుంటారు. ఏ థ్రెడ్ అయినా ప్రాసెసర్‌ను తానుగా వదులుకుంటేనే మరొకదానికి వంతు వచ్చే రకం అవి. మామూలుగా చక్కగా నడుస్తాయి. మెమరీ వాడకంలో తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ అనే సాధనం కింద నడిపితే మాత్రం తప్పులు కుప్పలుగా వచ్చి పడతాయి.

అపోహ: అవన్నీ ఉత్త తప్పుడు హెచ్చరికలు, సప్రెషన్ ఫైలులో (ఏవి చూపొద్దో వాల్‌గ్రిండ్‌కు చెప్పే జాబితాలో) వేస్తే సరి.

వాస్తవం: ఉత్తవే కావచ్చు, కానీ ఆ ఫైలు నిజమైన తప్పులనూ మింగేస్తుంది. అలిపిరి మెట్లెక్కుతున్న మనిషి మరుక్షణం శ్రీవారి మెట్టు దారిలో కనిపిస్తే ఎలా ఉంటుందో, స్వాప్‌కాంటెక్స్ట్ (ఒక థ్రెడ్ నుంచి మరొకదానికి మారడం) జరిగినప్పుడు వాల్‌గ్రిండ్‌కు అలా ఉంటుంది. స్టాక్ (థ్రెడ్ లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) కొసను చూపే స్టాక్ పాయింటర్ 20 లక్షల బైట్లకు మించి దూకితే స్టాక్ మారిందని ఊహిస్తుంది. అంతకు తక్కువైతే అదే స్టాక్ పెరిగిందనో తగ్గిందనో అనుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. 64 కిలోబైట్ల స్టాకులు రెండు, మెమరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్‌తో పక్కపక్కనే వచ్చాయనుకోండి. కింది స్టాక్ నుంచి పైదానికి మారగానే మధ్యనున్నదంతా ఖాళీ అయిందని గుర్తు పెడుతుంది. అందులో మొదటి థ్రెడ్ లోకల్ వేరియబుల్స్ కూడా ఉన్నాయి! తిరిగి కిందికి రాగానే వాటికి విలువే ఇవ్వలేదంటుంది. స్టాక్‌ను సృష్టించగానే వాల్‌గ్రిండ్ ఇచ్చే రిజిస్టర్ మాక్రోతో దాని రెండు కొసలూ చెప్పండి. అది ఇచ్చే సంఖ్యను దాచుకుని, ఫ్రీ చేసేముందు డీరిజిస్టర్ చేయండి.

అపోహ: ఈ మాక్రోలు ప్రోగ్రామ్‌ను నెమ్మదిగా నడిపిస్తాయి.

వాస్తవం: వాల్‌గ్రిండ్ లేనప్పుడు అవి ఏ పనీ చేయని కొద్దిపాటి మెషిన్ ఇన్‌స్ట్రక్షన్లు మాత్రమే.

అపోహ: రిజిస్టర్ చేశాక ఇక పనేమీ లేదు.

వాస్తవం: ముగిసిన థ్రెడ్ స్టాక్‌ను ఫ్రీ చేయకుండా పూల్‌లో (తర్వాతి వాడకానికి దాచే చోట) పెట్టి మళ్లీ వాడితే, పాత పాయింటర్ దానిలోకి చూస్తున్నా ఎవరూ పట్టుకోరు. పూల్‌లోకి వెళ్లేటప్పుడు ఆ మెమరీని అందుబాటులో లేనిదిగా, తిరిగి తీసేటప్పుడు విలువ లేనిదిగా గుర్తు పెట్టాలి. చాలామంది వదిలేసే పని ఇదే, అసలైన లోపాలు దొరికేదీ ఇక్కడే.

అపోహ: మెమరీ తప్పులు పట్టే మరో సాధనం అడ్రస్ శానిటైజర్‌కు ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: దానికీ చెప్పాల్సిందే: స్టాక్ మారేముందు ఒక ఫంక్షన్, మారిన వెంటనే మరొకటి. థ్రెడ్ చివరిసారిగా వెళ్లిపోతుంటే మొదటి ఫంక్షన్‌కు శూన్య పాయింటర్ ఇవ్వాలి. అప్పుడే ఆ థ్రెడ్ కోసం శానిటైజర్ పెట్టుకున్న నకిలీ స్టాక్ విడుదలవుతుంది.

అపోహ: తానుగా వదిలే థ్రెడ్లలో మెమరీ తప్పులు రావు.

వాస్తవం: చిన్న స్టాక్‌లో పెద్ద అరే పెడితే చాలు, పక్క థ్రెడ్ స్టాక్ చెడిపోవచ్చు. మాలాక్ బదులు, పేజీల లెక్కన మెమరీ ఇచ్చే ఎమ్‌మ్యాప్‌తో స్టాక్ తీసుకుని, దానిలో అన్నిటికంటే కింది పేజీకి ఎమ్‌ప్రొటెక్ట్‌తో చదివే, రాసే అనుమతులు తీసేయండి. చాలావరకు ఆ పేజీని తాకిన చోటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది.