దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో కీళ్లవాత వ్యాధులకు వైద్యం చేసే నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది, నేను చీటీ రాయడం మొదలుపెట్టకముందే "మేడమ్, స్టెరాయిడ్ మాత్రం రాయకండి" అంటారు. అదే రోజు, అదే బల్ల మీద కూర్చున్న మరొకరు రెండేళ్ల నాటి చీటీ చూపించి, మందుల షాపులో అవే బిళ్లలు కొనుక్కుని వేసుకుంటున్నామని, ఈ మధ్యలో ఏ వైద్యుడినీ కలవలేదని చెబుతారు. మొదటివారి భయాన్ని ఓపికగా మాట్లాడి తగ్గించగలను. రెండోవారి గురించి ఆందోళన ఎక్కువ. అందరికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం, నెలల తరబడి వాడి ఒక రోజు తమంతట తామే మానేసినవారు. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు), రుమటాయిడ్ కీళ్లవాతం, పెంఫిగస్ (చర్మం మీద బొబ్బలు లేచే జబ్బు), కొన్ని రకాల కిడ్నీ జబ్బుల వంటి వాటికి మూడు నెలలకు మించి ఈ బిళ్లలు వాడవలసి వచ్చినవారినీ, వారి ఇంటివారినీ ఉద్దేశించి ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది జిమ్‌లో కండలు పెంచడానికి వాడే మందే.

కాదు. అవి పురుష హార్మోనుకు సంబంధించినవి. మేము రాసేవి వాపునూ, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థనూ అణచే మందులు. పేరు ఒకటే అయినా పని వేరు.

అపోహ: ఇది శరీరానికి పరాయి పదార్థం, ఒంట్లో విషంలా పేరుకుపోతుంది.

మన రెండు మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను ప్రతిరోజూ తయారుచేస్తూనే ఉంటాయి. తెల్లవారుజామున అది ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉంటుంది. అందుకే బిళ్లను ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో టిఫిన్ తిన్నాక వేసుకోమంటాం. దీనికి దగ్గరి రూపమైన కార్టిసోన్ అనే హార్మోనును మందుగా 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ మొదటిసారి ఒక కీళ్లవాత రోగికి ఇచ్చారు; 1950లో ఆయనకూ, ఆ హార్మోన్ల మీద పరిశోధన చేసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆరోగ్యవంతుడి శరీరం రోజూ తయారుచేసుకునే కార్టిసాల్ సుమారుగా 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కు (మేము ఎక్కువగా రాసే స్టెరాయిడ్ బిళ్లకు) సమానం. కాబట్టి 5 మి.గ్రా.కూ 40 మి.గ్రా.కూ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది, రెండింటినీ ఒకే భయంతో చూడడం సరికాదు.

బిళ్ల మీది అంకెను బట్టి బలాన్ని లెక్కగట్టడం కూడా పొరపాటే. 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్, 4 మి.గ్రా. మిథైల్ ప్రెడ్నిసొలోన్, 6 మి.గ్రా. డెఫ్లజాకార్ట్, 0.75 మి.గ్రా. డెక్సామెథసోన్ దాదాపు ఒకే బలం గలవి. "ఐదు వేసుకునేవాడిని, ఆరుకు పెంచారు" అని బాధపడుతూ వచ్చిన పెద్దాయనకు నిజానికి మోతాదు ఏమాత్రం పెరగలేదు.

అపోహ: ముఖం ఉబ్బితే వెంటనే మానేయాలి.

ఈ ఒక్క అపోహ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణం మీదకు తెస్తుంది. బయటి నుంచి స్టెరాయిడ్ వారాల తరబడి అందుతున్నప్పుడు, తమ అవసరం లేదని గ్రహించిన అడ్రినల్ గ్రంథులు ఉత్పత్తిని తగ్గించుకుని నిద్రలోకి జారుకుంటాయి. బిళ్లను ఒక్కసారిగా ఆపితే అవి ఆ మరుసటి రోజే మేల్కొనవు. అందుకు కొన్ని నెలలు కూడా పట్టవచ్చు. ఆ లోగా జ్వరమో, విరేచనాలో, ఆపరేషనో వస్తే, తట్టుకోవడానికి కావలసిన హార్మోను ఒంట్లో ఉండదు.

కూతురి పెళ్లి దగ్గరపడుతోందని, ఫొటోల్లో ముఖం గుండ్రంగా పడుతోందని దిగులుపడి, రోజూ 15 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ వాడుతున్న ఒక తల్లి ఎవరికీ చెప్పకుండా బిళ్లలు ఆపేసింది. మే నెల ఎండలు. వారం తిరగకముందే నీరసం, వాంతులు, కళ్లు తిరగడం మొదలయ్యాయి. వడదెబ్బ అనుకుని ఇంటివారు మజ్జిగ, గ్లూకోజు నీళ్లు ఇచ్చారు, దగ్గరలో సెలైన్ పెట్టించారు, తగ్గలేదు. నా దగ్గరకు తీసుకొచ్చేసరికి పై బీపీ 80 దగ్గర ఉంది. బిళ్లలు వేసుకుంటున్నారా అని మూడోసారి అడిగాక గానీ ఆమె నిజం చెప్పలేదు. సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 100 మి.గ్రా. ఇచ్చాక కొద్ది గంటల్లోనే లేచి కూర్చుంది. వడదెబ్బ లక్షణాలూ ఈ లక్షణాలూ దాదాపు ఒకేలా కనిపించే మన ఊళ్లో, ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే రెండు రోజుల యాతన తప్పేది.

తగ్గించడం వైద్యుడు రాసిన లెక్క ప్రకారమే జరగాలి. పై మోతాదుల్లో కాస్త వేగంగా తగ్గించినా, ప్రెడ్నిసొలోన్ 7.5 మి.గ్రా. కంటే కిందికి వచ్చాక నెలకు 1 మి.గ్రా. చొప్పున తగ్గించడం మామూలే. ఈ దశలో వచ్చే ఒళ్లు నొప్పులన్నీ జబ్బు తిరగబెట్టడం వల్లే అనుకోకూడదు. కొన్ని తగ్గింపు వల్ల వచ్చేవి, కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. జ్వరం వచ్చినప్పుడు ఎంత పెంచుకోవాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చీటీ మీద రాయించుకోవాలి. తక్కువ మోతాదు వాడేవారికి సాధారణంగా జ్వరం ఉన్నన్నాళ్లు రెట్టింపు చేయమంటాం. వాంతుల వల్ల బిళ్ల కడుపులో నిలవకపోతే ఇంట్లో ఎదురుచూడకుండా ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి రావాలి. భవానీ దీక్ష, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండేవారు ముందుగా వచ్చి మాట్లాడితే బిళ్ల వేళను ఎలా మార్చుకోవచ్చో చెప్పగలం. చెప్పకుండా బిళ్ల మానేయడం మాత్రం ఏ నియమం కోసమైనా వద్దు. "నేను దీర్ఘకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నాను, హఠాత్తుగా ఆపకూడదు" అని మందు పేరు, మోతాదు రాసిన కాగితాన్ని పర్సులో ఉంచుకోవాలి. పన్ను తీయించుకునే ముందు కూడా దాన్ని చూపించాలి.

అపోహ: ముఖానికి నీరు పట్టింది కాబట్టి మంచినీళ్లు తగ్గించాలి, కారం మానేయాలి.

ముఖం గుండ్రంగా మారడానికి ప్రధాన కారణం, కొవ్వు బుగ్గల్లో, మెడ వెనుక, పొట్ట దగ్గర చేరడం. మోతాదు తగ్గాక అది నెలల మీద నెమ్మదిగా తగ్గుతుంది. నీటిని ఒంట్లో నిలిపేది ఉప్పు. గుంటూరు మిరపకాయను అనవసరంగా నిందిస్తాం గానీ, గోంగూర పచ్చడిలో, ఆవకాయలో, చల్లమిరపకాయల్లో, అప్పడంలో ఉన్న ఉప్పే బీపీనీ, కాళ్ల వాపునూ పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలంటోంది. పచ్చడి లేని ముద్ద దిగదనే మనకు అది కష్టమైన నియమమే, కానీ స్టెరాయిడ్ వాడే ఇంట్లో తప్పదు. ఆకలి పెరగడం కూడా మందు ప్రభావమే. దాన్ని రోగి తిండియావగా ఎగతాళి చేయవద్దని ఇంటివారిని ప్రత్యేకంగా కోరుతున్నాను.

అపోహ: పరగడుపున షుగరు బాగానే ఉంది, కాబట్టి షుగరు రాలేదు.

ఉదయం వేసుకున్న బిళ్ల ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బలంగా ఉండి, తెల్లవారేసరికి తగ్గుతుంది. అందువల్ల పరగడుపు పరీక్షలో 95 వచ్చినవారికే అన్నం తిన్న రెండు గంటలకు 280 రావచ్చు. పరీక్ష చేయించవలసింది మధ్యాహ్న భోజనం తరువాత. 2021లో బ్లాక్ ఫంగస్ మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలను ఏడిపించిందో మరిచిపోలేం. అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్ కలిసినప్పుడు ఆ ఫంగస్‌కు దారి సులువవుతుంది.

అపోహ: రోజూ గ్లాసు పాలు తాగితే ఎముకలకు భయం లేదు.

పాలు, రాగిజావ మంచివే. అయితే స్టెరాయిడ్ వల్ల ఎముక అరుగుదల మొదటి ఆరు నెలల్లోనే అత్యంత వేగంగా ఉంటుంది కాబట్టి, ఎప్పుడో చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. మొదట్లోనే ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ చేయించాలి. ఆ పేరు విని డెక్సా (డెక్సామెథసోన్) ఇంజెక్షన్ అనుకుని వెనక్కి వెళ్లిపోయినవారున్నారు. ఇది సూదిమందు కాదు, ఎక్స్‌రే వంటి పరీక్ష. కాల్షియం, విటమిన్ డి తో పాటు కొందరికి వారానికొకసారి వేసుకునే, ఎముక అరుగుదలను తగ్గించే అలెండ్రోనేట్ రాస్తాం. దాన్ని పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పాటు పడుకోకుండా, కాఫీ కూడా తాగకుండా ఉండాలి. లేకపోతే ఆహారనాళం పుండు పడవచ్చు, మందూ ఒంటికి సరిగా పట్టదు.

గజ్జల్లో నొప్పి మొదలై కుంటు వస్తే అది వాతమని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. తుంటి ఎముక తలకు రక్తప్రసరణ ఆగిపోవడం స్టెరాయిడ్ వల్ల వచ్చే తీవ్రమైన నష్టాల్లో ఒకటి. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. కళ్లలో శుక్లం, నొప్పి లేకుండా చూపును తినేసే నీటికాసులు (గ్లకోమా) కూడా రావచ్చు కాబట్టి, ఏడాదికొకసారి కంటి పరీక్ష తప్పనిసరి.

అపోహ: పొట్లంలో ఇచ్చే పొడికి సైడ్ ఎఫెక్టులు ఉండవు.

పేరు లేని పొడి, రేపర్ లేని బిళ్లల పొట్లం వాడిన మరునాడే ఏళ్లనాటి నొప్పులు మాయమై, నెలలో ఆకలి, బుగ్గలు పెరిగితే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. అలాంటివి వాడినవారు సిగ్గుపడకుండా మాకు చెప్పండి. మేము కోప్పడం, ఆ పొట్లాన్ని కూడా హఠాత్తుగా ఆపనివ్వం. ఆ పొట్లాల్లో నొప్పి బిళ్లలు కూడా కలిసి ఉంటే కడుపులో పుండ్లు, రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది.

అపోహ: ఇన్‌హేలర్ కూడా స్టెరాయిడే, పిల్లలకు వద్దు.

ఇన్‌హేలర్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 200 మైక్రోగ్రాములంటే 0.2 మి.గ్రా. మాత్రమే, అదీ నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడి, తరువాత నోరు పుక్కిలిస్తే చాలు. దానికి భయపడే ఇళ్లలోనే తామరకూ, ముఖం తెల్లబడడానికీ బలమైన స్టెరాయిడ్ క్రీములను నెలల తరబడి రాస్తుండడం నన్ను బాధపెడుతుంది.

అపోహ: టీకాలు వేయించుకోకూడదు.

రోజుకు 20 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ లేదా అంతకు మించి రెండు వారాలకు పైగా వాడేవారు ప్రాణమున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలకు దూరంగా ఉండాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మాత్రం వీరికే ఎక్కువ అవసరం. పాత క్షయ తిరగబెట్టవచ్చు. జ్వరం పెద్దగా రాకుండానే ఇన్‌ఫెక్షన్ ముదరవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గును చూపించుకోవాలి.

అపోహ: కోపం, నిద్రలేమి, ఏడుపు జబ్బు వల్ల వచ్చిన దిగులే.

కొంత దిగులు కావచ్చు. అయితే ఎక్కువ మోతాదు మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లోనే నిద్ర తగ్గడం, అతిగా మాట్లాడడం, చిన్న మాటకే విరుచుకుపడడం మందు వల్ల కలగవచ్చు. "పాతికేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఏనాడూ ఇలా అనలేదండి" అని తలవంచుకుని చెప్పిన ఒక భర్తకు, అది మందు ప్రభావమని, మోతాదు తగ్గితే తగ్గుతుందని చెప్పినప్పుడు ఆయన కళ్లు తుడుచుకోవడం నాకు గుర్తుంది. రెండో పూట బిళ్ల ఉంటే దాన్ని ఉదయానికి మార్చవచ్చేమో వైద్యుడిని అడగండి. లేని మాటలు వినిపిస్తున్నా, బతకాలని లేదని అంటున్నా తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా, బిళ్లను మీరుగా ఆపకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.